ఎడమ బటన్‌లో చెక్క ముక్క

కార్మిక నష్టపరిహార అధికారి గారి సముఖమునకు

అయ్యా,

విషయం: అట్టపెట్టెల ఫ్యాక్టరీ కటింగ్ సెక్షన్‌లో మూడు వేళ్ళు పోగొట్టుకున్న కార్మికునికి రావలసిన పరిహారంలో సగం కోత విధించుట – అందుకు ఆధారమైన మొదటి సాక్షి వాంగ్మూలమును సదరు మొదటి సాక్షియే వెనక్కి తీసుకొనుట – గురించి.

సూచిక: 1) తమ కార్యాలయపు ఉత్తర్వు. 2) యాజమాన్యం వారి జవాబు. 3) ఆ జవాబుకు జతపరచిన వాంగ్మూలం, దాని కింద నా సంతకం.

పై విషయమై తమకు విన్నవించుకొనునది ఏమనగా, నేను సదరు ఫ్యాక్టరీలో పందొమ్మిదేళ్ళుగా అట్టలు కోస్తున్నాను. సెక్షన్‌లో అందరికంటే పాతవాణ్ణి గనుక నన్ను మేస్త్రీ అంటారు. గాయపడిన వ్యక్తి రెండో నెంబరు మిషన్ ఆపరేటరు, వయసు ముప్పై మూడు. వరసకు నాకు బావమరిది, అనగా నా భార్యకు సొంత తమ్ముడు. ఈ చుట్టరికం గురించి మొదటి వాంగ్మూలం తీసుకున్నప్పుడు ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఉత్తర్వు చేరిన ముప్పై రోజులలోగా అభ్యంతరం రాకపోతే కోత ఖాయమగునని తమ ఉత్తర్వు అడుగున చిన్న అక్షరాలలో ఉన్నది. నేటికి ఇరవై ఏడో రోజు. ఈ అర్జీని కచేరీ బయట టైపు కొట్టే ఆయన చేత రాయిద్దామని వెళ్ళాను. ఆయన సగం విని చేతులు మిషన్ మీద నుంచి తీసేశాడు. "ఇది అర్జీ కాదండీ, మిమ్మల్ని మీరే పట్టివ్వడం. నా చేత్తో కొట్టలేను, ఏమనుకోకండి" అన్నాడు. అందువలన ఇది నా చేతివ్రాతలో ఉన్నది. కొట్టివేతలకు మన్నించవలెను.

1. సదరు కటింగ్ మిషన్‌కు రెండు బటన్లు ఉండును. ఒకటి కుడి పక్కన, ఒకటి ఎడమ పక్కన. రెండూ ఒకేసారి నొక్కితేనే బ్లేడు దిగును. రెండు చేతులూ బటన్ల మీద ఉన్నప్పుడు బ్లేడు కింద చెయ్యి ఉండదు గదా అని మిషన్ చేసినవారి ఆలోచన. మంచి ఆలోచనే. కాకపోతే అట్టను లోపలికి తోయాల్సింది కూడా ఆ రెండు చేతులే. తోయాలి, చేతులు వెనక్కి తీయాలి, రెండు పక్కలా నొక్కాలి, మళ్ళీ తోయాలి. ఈ పద్ధతిలో ఒళ్ళు దాచుకోకుండా పనిచేసినా షిఫ్టుకు ఏడు వందల అట్టలు తెగును. అంతకు మించి తెగవు. నేను చేసి చూశాను.

2. గోడ మీద బోర్డులో రాసిన టార్గెట్ పదకొండు వందలు. మిగతా నాలుగు వందల అట్టలను కోసేది చెక్క ముక్క. బొటనవేలంత ఉండును, ఒక కొన పలచన. దాన్ని ఎడమ బటన్ సందులో దిగగొడితే బటన్ నొక్కినట్టే ఉండిపోవును. ఇక కుడి చెయ్యి నొక్కుతుంటుంది, ఎడమ చెయ్యి అట్ట తోస్తుంటుంది. మా సెక్షన్‌లో దీనిని చుట్టం అంటారు. వచ్చి కూర్చుంటే కదలదు గనుక. పొద్దున రాగానే ఒకరినొకరు "చుట్టం వచ్చాడా?" అని అడుగుతాం. చప్పుడులో మాట వినబడదు కాబట్టి నోటితో కాదు, బొటనవేలిని పిడికిట్లో దూర్చి చూపించి అడుగుతాం.

కొత్త ఆపరేటరు చేరిన రోజున సెక్షన్‌లో పెద్దవాడు అతనికి ఒక చెక్క ముక్క ఇవ్వడం ఆనవాయితీ. నాకు నా ముందు మేస్త్రీ ఇచ్చాడు. బావమరిది చేరిన రోజు వాడికి నేను ఇచ్చాను. అందరికీ ఇచ్చినట్టు కూడా ఇవ్వలేదు. మనవాడు కదా, చేతికి పేళ్ళు గుచ్చుకుంటాయని ఇంటి దగ్గర కూర్చుని గరుకు కాగితంతో నున్నగా రుద్ది మరీ ఇచ్చాను. "ఇంత ముద్దుగా ఉందేమిటి బావా, వేలికి పెట్టుకోనా?" అన్నాడు. అందరం నవ్వాము.

అయినా వాడు మొదటి వారం దాన్ని వాడలేదు. జేబులోనే ఉంచుకుని రెండు చేతులతో నొక్కాడు. సూపర్‌వైజరు గారు నన్ను పక్కకు పిలిచి "మీవాడికి కాస్త చెప్పుకో మేస్త్రీ, నన్ను చెప్పనివ్వకు" అన్నారు. చెప్పుకున్నాను. "అందరూ చేస్తున్నదే చెయ్యరా, నువ్వొక్కడివే నిప్పు కడిగేవాడిలా తయారయ్యావేంటి" అన్నాను. వాడు నా మాట కాదనడు. చిన్నప్పటి నుంచీ కాదనలేదు.

3. సదరు చెక్క ముక్క సంగతి తమకు తెలియదని యాజమాన్యం వారు జవాబులో రాశారు. సరుకు దిగిన పాత చెక్క బల్లలను విరగగొట్టి ఈ ముక్కలు కోసేది ఫ్యాక్టరీ జీతం తీసుకునే వడ్రంగి. కోయమని చీటీ రాసి పంపేది సూపర్‌వైజరు గారు. "పదిహేను ముక్కలు, పాత కొలతే" అని ఉంటుంది. వడ్రంగి ఏ కాగితమూ పారేసే మనిషి కాదు. చీటీలు మేకుకు గుచ్చి పెట్టుకున్నాడు. నేను వెళ్ళి అడిగితే చాలాసేపు బాడిసె పదును చూసుకుంటూ కూర్చుని, ఒక చీటీ పీకి ఇచ్చాడు. సాక్ష్యం చెప్తావా అంటే, "పిలిస్తే వస్తా. పిలవమని మాత్రం నేను అడగను" అన్నాడు. తమరు పిలిస్తే వచ్చును. చీటీ జతపరచడమైనది.

4. తమ శాఖ ఇన్‌స్పెక్టరు గారు ఏడాదికి రెండుసార్లు మా ఫ్యాక్టరీకి దయచేస్తారు. దయచేసే సంగతి మాకు రెండు రోజుల ముందే తెలుస్తుంది. ఎలా తెలుస్తుందో తమరే విచారించుకొనవలెను. కారు గేటు దగ్గర ఆగగానే వాచ్‌మన్ సెక్షన్ తలుపు దగ్గరున్న ఎర్ర దీపం రెండుసార్లు వెలిగించి ఆర్పుతాడు. ఎవరి చుట్టాన్ని వారు పీకి జేబులో వేసుకుంటాం. ఎవరైనా నీళ్ళకో దేనికో వెళ్ళి ఉంటే పక్క మిషన్‌వాడు తీసి దాచాలి. ఇది మాలో మాకు కట్టుబాటు. తీయకపోతే వాడితో నెల రోజులు ఎవరూ మాట్లాడరు.

ఇన్‌స్పెక్టరు గారు లోపలికి వచ్చి, అందరం చక్కగా రెండు చేతులతో నొక్కుతుండగా చూసి, "క్రమశిక్షణ అంటే ఇదీ" అని మెచ్చుకుని, మేనేజరు గారి గదిలో టీ పుచ్చుకుని వెళ్తారు. ఆ రోజు మాత్రం ఏడు వందల అట్టలే ఎందుకు తెగాయని రిజిస్టరు చూసి అడిగినవారు ఈ పందొమ్మిదేళ్ళలో ఒక్కరూ లేరు. తమ శాఖను తప్పుపట్టాలని కాదు. తిలాపాపం తలా పిడికెడు అన్నారు. నా పిడికెడు సంగతి కింద ఐదో అంశంలో చెప్పుకుంటాను.

5. ప్రమాదం జరిగిన రోజు ఉదయం పదిన్నర ప్రాంతంలో తడి తగిలిన అట్ట ఒకటి బ్లేడు కింద ముడుచుకుపోయింది. బావమరిది దాన్ని లాగడానికి ఎడమ చెయ్యి లోపల పెట్టి ముందుకు వంగాడు. వంగడంలో కుడి మోచెయ్యి కుడి బటన్‌కు తగిలింది. ఎడమ బటన్ అప్పటికే నొక్కి ఉంది. నొక్కి పెట్టింది నేనిచ్చిన చెక్క.

మా సెక్షన్‌లో మనిషి అరుపు వినబడదు. అతని మిషన్ చప్పుడు ఆగిపోయింది కాబట్టి తల తిప్పి చూశాను. నా మిషన్‌కూ అతని మిషన్‌కూ నాలుగడుగులు. పరుగెత్తాను.

అయ్యా, నా చేతులు మొదట ఎక్కడికి వెళ్ళాయో తమరు తెలుసుకొనవలెను. వాడి చేతి మీదికి వెళ్ళలేదు. ఎడమ బటన్ మీదికి వెళ్ళాయి. చెక్క పీకి జేబులో వేసుకుని, ఆ తర్వాత వాడి చెయ్యి పట్టుకున్నాను. ఎర్ర దీపం వెలగలేదు. సూపర్‌వైజరు చెప్పలేదు. ఎవరూ చెప్పలేదు. పక్క మిషన్‌వాడు తీసి దాచాలి, నేను పక్క మిషన్‌వాణ్ణి, తీశాను. ఆలోచించి చేసిన పని అయితే ఇంత సిగ్గుపడేవాణ్ణి కాదేమో. ఆలోచనే లేకుండా చేశాను. అంత రక్తం కళ్ళముందు కారుతుంటే నా చేతులు వాటికి నేర్పిన పని అవి చేసుకున్నాయి.

వాడు గోడకు ఆనుకుని నా వైపే చూస్తున్నాడు. నేను తీయడం చూశాడు. ఈ నాలుగు నెలల్లో దాని గురించి ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

6. ఈ అంశం రాసి కొట్టివేయడమైనది. సూపర్‌వైజరు గారి వ్యక్తిగత విషయాలు ఈ విచారణకు అవసరం లేదని నా భార్య అభిప్రాయం.

7. అంబులెన్సు వెళ్ళగానే సూపర్‌వైజరు గారు వచ్చి నా ముందు చెయ్యి చాపారు. నేను జేబులోది ఇచ్చేశాను. రెండు రోజుల పాటు అసలు చెక్క అన్నదే లేదు. మూడో రోజు బీమా కంపెనీ మనిషి వచ్చి మేనేజరు గారితో గంటసేపు మాట్లాడి వెళ్ళాడు. కార్మికుడు రక్షణ ఏర్పాటును తనంతట తాను చెడగొడితే పరిహారం సగానికి తగ్గించవచ్చునని చట్టంలో ఉన్న సంగతి అప్పుడే యాజమాన్యం వారికి తెలిసింది. దాచాల్సిన వస్తువు కాస్తా ఆ గంటలో చూపించాల్సిన వస్తువైపోయింది. ఇప్పుడు అది తమ కార్యాలయంలో అట్టముక్క కట్టి, నెంబరు వేసి ఉందని విన్నాను.

మర్నాడు నన్ను మేనేజరు గారి గదికి పిలిచారు. కూర్చోమన్నారు. ఆ గదిలో నేను కూర్చోవడం అదే మొదలు. టైపు కొట్టిన కాగితం ముందు పెట్టి, "ఏం లేదు మేస్త్రీ, జరిగింది జరిగినట్టే ఉంది. సంతకం పెడితే నీ పని అయిపోతుంది" అన్నారు. "కార్మికుడు ఎవరికీ తెలియకుండా, స్వయంగా తయారుచేసుకున్న చెక్క ముక్కతో బటన్‌ను బిగించియుండెను" అన్నది అందులోని ముఖ్య వాక్యమని తర్వాత తెలిసింది. సదరు కాగితమును నేను చదవలేదు. చదవకుండానే సంతకం చేసితిని. ముందు ముందు నన్ను సెక్షన్ ఇన్‌ఛార్జిగా వేసే మాట కూడా అదే గదిలో, అదే రోజు వచ్చిన మాట నిజమే. రెంటికీ సంబంధం లేదు.

8. యాజమాన్యం వారు నోటీసు బోర్డులో ఒక కాగితం అంటించారు. "గాయపడిన సోదర కార్మికునికి చట్టం నిర్దేశించిన పరిమితులను తు.చ. తప్పకుండా పాటించి పరిహారం చెల్లించడమైనదని తెలియజేయుటకు సంతోషిస్తున్నాము." సంతోషం మాట అలా ఉంచి, పాటించిన పద్ధతి ఏమిటో మనవి చేసుకుంటాను.

చట్టంలో వారానికి జీతంలో మూడింట రెండు వంతులు, అదీ ఒక గరిష్ఠ పరిమితి దాటకుండా అని ఉంది. వాడి చేతికి వచ్చే జీతంలో మూడో వంతు టార్గెట్ బోనస్. బోనస్ జీతం కాదు, బహుమానం అని తీసేశారు. ఇది మొదటి కోత. చెక్క ముక్క వల్ల వచ్చిన బోనస్ లెక్కలోకి రాదు, చెక్క ముక్క వల్ల వచ్చిన తప్పు మాత్రం లెక్కలోకి వస్తుంది.

తర్వాత వేళ్ళు. ఒక్కో వేలికి ఇన్ని వారాలని చట్టంలో పట్టిక ఉంది. రెండో కణుపు పైన తెగితే సగం వేలు, కింద తెగితే పూర్తి వేలు. డాక్టరు గారు స్కేలు పెట్టి కొలిచారు. చూపుడు వేలు, నడిమి వేలు పూర్తి లెక్కకు వచ్చాయి. ఉంగరపు వేలు ఒక నూలు తేడాలో సగం వేలైంది. "తప్పు మనదేలే బావా, ఇంకాస్త లోపలికి పెట్టాల్సింది" అన్నాడు ఆస్పత్రి మంచం మీద. డాక్టరు గారు నవ్వలేదు. నేను నవ్వాను.

ఇలా అయిన మొత్తంలో ఇప్పుడు సగం కోత. గోరుచుట్టు మీద రోకటిపోటు అనే మాట ఉంది గానీ, ఇక్కడ గోరూ లేదు, వేలూ లేదు, పోటు మాత్రం మిగిలింది. యాజమాన్యం వారు పరిమితి దాటి ఒక్క అడుగు వేయలేదు, నిజమే. పరిమితి అంటే దాటకూడని గీత అని వాళ్ళ అర్థం. ఆ గీత దాకా అయినా రావాలి కదా అని మా బాధ.

9. ఈ అంశం చట్టంలోని ఏ పట్టిక కిందికి వస్తుందో నాకు తెలియదు.

బావమరిది భార్యకు పుట్టినప్పటి నుంచీ వినబడదు, మాట రాదు. నేను ఆమెను చెల్లాయి అంటాను. పెళ్ళికి ముందు ఆరు నెలలు వాడు ఆమె దగ్గర చేతులతో మాట్లాడడం నేర్చుకున్నాడు. ఫ్యాక్టరీ చప్పుడులో మేం చేసుకునే సైగలు కూడా తీసుకెళ్ళి అందులో కలిపేశాడు. "తిండి టైమైంది" అనడానికి మా సెక్షన్‌లో పొట్ట మీద రెండు తట్లు తడతాం. వాళ్ళింట్లో కూడా అదే. వాళ్ళ పాపకు నోటి మాటకన్నా ముందు ఈ చేతిమాటే వచ్చింది. ఆ ఇంటికి వెళ్తే ఒక్క శబ్దం ఉండదు గానీ, అంత వాగుడు నేను ఏ ఇంట్లోనూ చూడలేదు. ఇద్దరూ ఒకేసారి మాట్లాడేవాళ్ళు. పోట్లాడుకునేటప్పుడు ఎవరైనా ఒకరు చేతులు వెనక్కి కట్టుకుంటే మాట్లాడనని అర్థం.

ఇప్పుడు వాడి ఎడమ చేతికి బొటనవేలు, చిటికెన వేలు, మధ్యలో ఒక మొండి ఉన్నాయి. ఆ భాషలో సగం మాటలకు రెండు చేతులూ కావాలి. పాప పేరుకు చూపుడు వేలూ నడిమి వేలూ కలవాలి. వాడు ఏదో చెప్పబోతాడు, ఆమెకు అందదు, ఇంకోలా చెప్తాడు, ఆమె ఇంకోటి అనుకుంటుంది. పాప మధ్యలో నిలబడి అమ్మకు నాన్న మాట అందిస్తుంది. పిల్ల బడికి వెళ్ళినప్పుడు ఇద్దరూ చెరో మూల కూర్చుంటున్నారు. చట్టంలో నాలుక పోతే, మాట పోతే వేరే పట్టిక ఉందని, దానికి వారాలు చాలా ఎక్కువని తెలిసింది. వాడి మాట పోయింది అయ్యా. వేళ్ళ కింద కాక మాట కింద లెక్కించమని అడగవచ్చునో లేదో తెలియదు. అడుగుతున్నాను.

తమ ఉత్తర్వు పోస్టులో వచ్చిన రోజు దాన్ని చదివింది చెల్లాయే. వెనక జతపరిచిన వాంగ్మూలం కూడా చదివింది. ఆ సాయంత్రం నలుగురం మా వంటింట్లో ఉన్నాం. ఆమె కాగితం తెచ్చి గట్టు మీద పరిచి, నా సంతకం మీద వేలు పెట్టి, అదే వేలు నా వైపు తిప్పి, కనుబొమలు ఎగరేసింది. ఇది నువ్వా? అంతే. నాకు ఆ భాష బాగానే వచ్చు. జవాబు చెప్పడానికి చేతులు పైకి లేవలేదు.

10. కావున తమరు దయయుంచి:

(అ) నా మొదటి వాంగ్మూలమును కొట్టివేసి, సదరు చెక్క ముక్కను తయారుచేయించినది యాజమాన్యమనియు, కార్మికునికి ఇచ్చినది నేననియు, వాడమని ఒత్తిడి చేసినది కూడా నేననియు నమోదు చేయవలెను.

(ఆ) సగం కోతను రద్దు చేసి, బోనస్‌ను జీతంగా పరిగణించి, చట్టంలో ఉన్న పరిమితి వరకు, ఆ చివరి గీత వరకు, పూర్తిగా ఇప్పించవలెను.

(ఇ) మిగిలిన పద్నాలుగు మిషన్ల మీద ఈ రోజుకీ చుట్టాలు ఉన్నాయి. దీపం వెలగకుండా రావలెను. వచ్చి చెక్కలు పట్టుకెళ్ళి ఊరుకోకండి, వడ్రంగి మర్నాటికి ఇంకో పద్నాలుగు కోస్తాడు. గోడ మీది టార్గెట్ చెరిపించవలెను.

(ఈ) తప్పుడు వాంగ్మూలానికి నాకు చట్టంలో ఏ శిక్ష ఉంటే అది విధించవలెను. దానికి గరిష్ఠ పరిమితి ఎంతో నేను చూసుకోలేదు. ఇన్‌ఛార్జి పని ఎలాగూ పోతుంది, మిషన్ పని కూడా పోతుంది. యాభై దగ్గర పడుతున్నవాణ్ణి, ఇంకో ఫ్యాక్టరీలో ఎవరూ తీసుకోరు. భయంగానే ఉంది. ఈ అర్జీ మూడుసార్లు రాసి రెండుసార్లు చించాను.

పైన చెప్పుకున్నది చట్టానికి తగినట్టు లేకపోయినా, జరిగినదానికి తగినట్టు ఉన్నదని తలచి, మిగిలిన మూడు రోజులు గడవక మునుపే చిత్తగించవలెను.

ఇట్లు,
మొన్నటి వరకు యాజమాన్యానికి, నేటి నుంచి తమకు
విధేయుడు,
మేస్త్రీ, ఒకటో నెంబరు మిషన్, కటింగ్ సెక్షన్

జత: వడ్రంగికి సూపర్‌వైజరు గారు రాసిన చీటీ – ఒకటి.

తా.క.

అయ్యా, కవరు అంటించే ముందు దీన్ని నా భార్య చదివింది. ఆరో అంశం దగ్గర కొట్టేయమంది, కొట్టేశాను. ఏడో అంశం దగ్గర ఆగి, కళ్ళజోడు తీసి, నా మొహంలోకి చూసింది.

"మందుబిళ్ళల అట్ట మీద చీమ తలకాయంత అక్షరాలు కూడా చదివి గానీ గొంతులో వేసుకోరు. బస్సు టికెట్ వెనక ఉన్నది చదువుతారు. కరెంటు బిల్లు ఇటు తిప్పీ అటు తిప్పీ చదువుతారు. ఈ ఒక్క కాగితం చదవకుండా పెట్టారా?"

పెన్ను మళ్ళీ చేతిలోకి తీసుకున్నాను.

చదివాను. రెండుసార్లు చదివాను. "స్వయంగా తయారుచేసుకున్న" అన్న చోట మేనేజరు గారు చూస్తుండగానే వేలు పెట్టి ఆగాను. ఆయన పెన్ను మూత తీసి ఇచ్చారు. ఇన్‌ఛార్జి మాట అప్పటికే చెప్పేసి ఉన్నారు. అది ఒక కారణం. ఇంకో కారణం ఏమిటంటే, ఎవరిచ్చారు అన్న ప్రశ్న వస్తే నా పేరు వస్తుంది. వాడే తయారుచేసుకున్నాడని ఉంటే ఆ ప్రశ్నే రాదు. మూడు వేళ్ళు పోయినవాడికి ఇంకేం పోతుందిలే అనుకున్నాను. సగం పోతుందని ఆ కాగితంలో లేదు గానీ, అది ఏదో ఒకదానికి పనికి రాకపోతే నన్ను కుర్చీలో కూర్చోబెట్టరని తెలియనంత అమాయకుణ్ణి కాదు.

చదవలేదన్న మాట నేను కల్పించింది కూడా కాదు. ఆ రోజు వంటింట్లో చెల్లాయి నన్ను అడిగినప్పుడు, నేను తల దించుకున్నప్పుడు, వాడే అడ్డం వచ్చాడు. మిగిలిన వేళ్ళతో ఆమెకు చెప్పాడు, ఆమెకు అందలేదు, మళ్ళీ చెప్పాడు. పాప లేదు అందించడానికి. చివరికి కుడి చేత్తో గట్టు మీది పిండిలో రాసి చూపించాడు: "బావ చదవకుండా పెట్టి ఉంటాడు." మునిగేవాడికి గడ్డిపోచ దొరికినట్టు నేను దాన్ని పట్టుకున్నాను. ఆమెకు తలూపాను. వాడికీ ఊపాను. ఇప్పుడు ఈ అర్జీలో తమకు కూడా ఊపబోయాను.

ఒకసారి అబద్ధమాడిన సాక్షి రెండోసారి చెప్పేది ఎందుకు నమ్మాలని తమరు అడగవచ్చు. నమ్మకపోతే పోయేది మాత్రం నా వేళ్ళు కావు.

ఏడో అంశం కొట్టేసి మళ్ళీ రాస్తానన్నాను. "వద్దు, అలాగే ఉంచండి, కింద నిజం రాయండి, రెండూ చదవనివ్వండి ఆయన్ని" అన్నది నా భార్య. అలాగే ఉంచాను. పోస్టులో వేస్తానన్నాను. దానికీ ఒప్పుకోలేదు. రేపు నేను షిఫ్టు మానేస్తాను; బస్సెక్కి, తమ కార్యాలయానికి ఆవిడే తెస్తుంది. నేను తోడు వస్తాను గానీ కవరు ఆవిడ సంచిలోనే ఉంటుంది. నా చేతికిస్తే దారిలో ఎక్కడో ఒక చోట దిగిపోతానని ఆవిడ అనుమానం. ఆవిడ అనుమానం తప్పని నేను చెప్పలేను.

ముట్టినట్టు రసీదు ఆవిడకే ఇప్పించవలెను. నాకు ఇవ్వవద్దు.